ఉంచితే నమ్మి ఉంచండి, లేదంటే పంపేయండి

సెప్టెంబరు వచ్చిందంటే నెబ్రాస్కాలో ఉండే మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో వినాయక చవితితో పాటు ఇంకో హడావుడి కూడా మొదలవుతుంది. ఫుట్‌బాల్! మన సాకర్ కాదండోయ్, హెల్మెట్లు పెట్టుకుని ఒకళ్ళ మీద ఒకళ్ళు పడే అమెరికా ఫుట్‌బాల్. అదీ కాలేజీ పిల్లలు ఆడేది. ఈ రాష్ట్రానికి చెప్పుకోదగ్గ ప్రొఫెషనల్ జట్టు ఏదీ లేదు. ఉన్నదల్లా లింకన్‌లోని యూనివర్సిటీ జట్టు, హస్కర్స్. 1962 నుంచి వాళ్ళ స్టేడియంలో ప్రతి ఆటకీ టికెట్లన్నీ అమ్ముడుపోయినట్టే లెక్క. ఆట రోజున ఆ స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అంటారు. అలాంటి చోట కోచ్ అంటే ఊరందరికీ బంధువే. ఆయన్ని తిట్టే హక్కూ, వెనకేసుకొచ్చే హక్కూ అందరికీ ఉంటాయి.

స్కాట్ ఫ్రాస్ట్ అనే కోచ్‌ని పంపేసింది 2022లో. ఆ వాదన మాత్రం మా ఓమహా స్నేహితుల ఇళ్ళల్లో ఇంకా తెగలేదు. భోజనాలయ్యాక మగవాళ్ళు సోఫాలో కూర్చుంటే చాలు, మళ్ళీ అదే. ఒకరేమో "ఇంకో రెండేళ్ళు ఇచ్చి ఉంటే నిలదొక్కుకునేవాడు" అంటారు. ఇంకొకరు "రెండేళ్ళ ముందే పంపాల్సింది" అంటారు. ఈ మధ్య మా అమ్మాయి కూడా గొంతు కలుపుతోంది. వంటింట్లోంచి విని విని నాకూ ఒక అభిప్రాయం ఏర్పడింది. ఆట గురించి నాకు తెలిసింది తక్కువే కానీ, ఈ గొడవలో ఆట కంటే సంసారమే ఎక్కువ కనిపిస్తుంది నాకు.

ముందు కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. ఫ్రాస్ట్ ఈ మట్టిలో పుట్టి పెరిగినవాడు. వుడ్ రివర్ అనే చిన్న ఊళ్ళో చదువుకున్నాడు. వాళ్ళమ్మ కరోల్ 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో డిస్కస్ విసిరిన మనిషి. హైస్కూల్లో కొడుక్కి ఫుట్‌బాల్ నేర్పినవాళ్ళలో తండ్రితో పాటు ఆవిడా ఉంది. (ఈ మాట మగవాళ్ళ వాదనల్లో ఒక్కసారి కూడా రాదు, అందుకే చెప్తున్నాను.) మొదట స్టాన్‌ఫర్డ్‌కి వెళ్ళి, తర్వాత సొంత రాష్ట్రానికి తిరిగొచ్చి, 1997లో హస్కర్స్‌ని జాతీయ చాంపియన్లుగా నిలబెట్టిన జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు. ఇరవై ఏళ్ళకి, 2017లో, ఫ్లోరిడాలో యూసీఎఫ్ అనే కాలేజీ జట్టుకి కోచ్‌గా ఉండి 13 ఆటలకి 13 గెలిపించాడు. ఇంకేముంది, "మన అబ్బాయి ఇంటికొస్తున్నాడు" అని రాష్ట్రమంతా పండగ చేసుకుంది. ఏడేళ్ళ ఒప్పందం, ఏడాదికి 50 లక్షల డాలర్లు.

తర్వాతిదంతా దిగుడే. 2018లో 4 గెలుపులు, 8 ఓటములు. ఆ తర్వాత 5-7, 3-5, 3-9. ఒక ఆటలో పాయింట్లు వేస్తే అందేంత దగ్గరలో ముగిసినవాటిలో అయిదు గెలిచి ఇరవై రెండు ఓడాడు. 2021లో అయితే మరీ విడ్డూరం. సీజన్ మొత్తం మీద ఎదుటివాళ్ళ కంటే ఎక్కువ పాయింట్లు వేసి కూడా తొమ్మిది ఆటలు ఓడిపోయారు.

ఉంచాలనేవాళ్ళు ఎప్పుడూ టామ్ ఆస్‌బోర్న్ పేరు తెస్తారు. ఆయన 1973 నుంచి 1997 వరకు ఇక్కడ కోచ్. మొదటి అయిదేళ్ళూ ఓక్లహామా చేతిలో ఓడిపోతూనే వచ్చాడు. మొదటి జాతీయ టైటిల్ రావడానికి 1994 దాకా పట్టింది. "చూశారా, ఓపిక పడితే ఫలితం!" అంటారు మావారు. ఓపిక నిజమే కానీ, ఆ పాతికేళ్ళలో ఏ ఒక్క ఏడాదీ ఆయన తొమ్మిది గెలుపులకి తగ్గలేదు. ఆ ముక్క వదిలేసి ఓపిక ఒక్కటే చెప్తే ఎలా? ఏటా ఫస్ట్ క్లాస్ తెచ్చుకుంటూ ర్యాంకు రాని పిల్లాడికీ, ఏటా తప్పుతున్న పిల్లాడికీ ఒకే మందు వేస్తామా?

పంపాలనేవాళ్ళ చరిత్రా గొప్పగా ఏం లేదులెండి. 2003లో ఫ్రాంక్ సోలిచ్‌ని 9 గెలిచి 3 ఓడిన ఏడాదే పంపేశారు. 2014లో బో పెలీనీనీ సరిగ్గా అదే లెక్క మీద పంపేశారు. సోలిచ్ ఆ తర్వాత ఒహాయో యూనివర్సిటీకి వెళ్ళి 16 సీజన్లు హాయిగా పనిచేసుకున్నాడు. ఇక్కడేమో తొమ్మిది గెలుపుల కోసం మొహం వాచిపోయారు. కొత్త కోడలు ఏం వండినా "మా అత్తయ్య పులుసు ఇలా ఉండేది కాదు" అంటూ వంక పెట్టే ఇళ్ళు మీరు చూసే ఉంటారు. ఆస్‌బోర్న్ వెళ్ళిపోయాక ఈ ఊరు వచ్చిన ప్రతి కోచ్‌కీ ఆ పులుసే గుర్తు చేసింది.

నాకు అసలు కోపం వచ్చేది 2021 నవంబరులో చేసిన పని మీద. సీజన్‌లో ఇంకా రెండు ఆటలుండగా ఫ్రాస్ట్‌ని ఇంకో ఏడాది ఉంచుతున్నామని ప్రకటించారు. ఎలా ఉంచారు? జీతం 40 లక్షలకి కోశారు. అదే రోజు ఆయన కింద పనిచేసే నలుగురు సహాయ కోచ్‌లని తీసేశారు. ముందే పంపితే ఇవ్వాల్సిన సొమ్ము, అంటే బైఔట్, కోటీ యాభై లక్షల డాలర్ల నుంచి 75 లక్షలకి దిగేలా ఒక తారీఖు పెట్టారు. 2022 అక్టోబరు 1. దీన్ని ఉంచడం అంటారా? నెత్తి మీద గడియారం వేలాడదీసి కింద కూర్చోబెట్టడం అది. ఇద్దరికీ మధ్యస్థంగా మంచి పరిష్కారమని అప్పుడు చాలామంది మెచ్చుకున్నారు. నేను ఒప్పుకోను.

విజయవాడలో మా బంధువులబ్బాయి ఒకడు ఇంటరయ్యాక మెడిసిన్ సీటు రాక లాంగ్ టర్మ్‌లో చేరాడు. ఒక ఏడాది ఇచ్చాం అని తండ్రి అందరికీ చెప్పుకున్నాడు. ఇచ్చింది ఏడాదే, నమ్మకం కాదు. ఫోన్ తీసేసుకున్నారు, పండక్కి ఇంటికి రావద్దన్నారు. వారం వారం టెస్టు మార్కులు చూసి "ఇంకా ఇన్ని నెలలే ఉంది" అనేవారు. ఆ పిల్లాడు పరీక్షలో తెలిసిన ప్రశ్నలకి కూడా చెరిపి చెరిపి రాశాడట. వాళ్ళమ్మ ఫోన్లో చెప్పి ఏడ్చింది. ఆ ఏడాది ఇవ్వకుండా డిగ్రీలో చేర్పించినా వాడు బాగుండేవాడు. మనసారా ఇచ్చినా బాగుండేవాడేమో. ఇచ్చీ ఇవ్వనట్టు ఇవ్వడంతోనే వచ్చింది చిక్కంతా.

2022 ఆగస్టులో డబ్లిన్‌లో నార్త్‌వెస్టర్న్‌తో మొదటి ఆట. హస్కర్స్ 28-17తో ముందున్నారు. అలాంటప్పుడు ఎవరైనా బంతిని దూరంగా తన్నేసి ఊపిరి పీల్చుకుంటారు. ఫ్రాస్ట్ మాత్రం దగ్గరగా తన్నించి, మళ్ళీ తమవాళ్ళే అందుకోవాలని చూశాడు. అందలేదు. ఆట 31-28తో పోయింది. ఆ ఒక్క ఎత్తు మీద రాష్ట్రమంతా ఆయన్ని ఉతికి ఆరేసింది. నాకు మాత్రం చెరిపి చెరిపి రాసిన ఆ పిల్లాడే గుర్తొచ్చాడు.

రెండు వారాలకి, సెప్టెంబరు 10న, సొంత మైదానంలో జార్జియా సదర్న్ చేతిలో 45-42తో ఓడారు. సొంతగడ్డ మీద 35 పాయింట్లో అంతకంటే ఎక్కువో వేసిన 214 ఆటల్లో అంతకుముందు ఒక్కటీ ఓడలేదట! మర్నాడు ఆదివారం ఫ్రాస్ట్‌ని పంపేశారు. కోటీ యాభై లక్షలూ ఇచ్చి మరీ.

ఇంకో ఇరవై రోజులు ఆగి ఉంటే 75 లక్షల డాలర్లు మిగిలేవి. మావారికి ఈ లెక్క గుర్తొస్తే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆ ఇరవై రోజుల్లో ఒకటో తారీఖుకి ముందు ఉన్నది ఒక్కటే ఆట, ఓక్లహామాతో. ఆ వచ్చే వారం సెలవు. "ఒక్క ఆటకి 75 లక్షలా? నువ్వేమో కొత్తిమీర కట్టకి ఐదు సెంట్లు తక్కువని రెండు షాపులు తిరుగుతావు!" అని నన్నే దెప్పుతారు.

తిరుగుతాను, నిజమే. అయినా ఈ ఖర్చు సరైనదే అంటాను. పోతున్నాడని అందరికీ తెలిసిన మనిషిని తారీఖు కోసం ఇరవై రోజులు కూర్చోబెడితే, రోజూ పొద్దున్నే ఆయన ముందు నిలబడి ప్రాక్టీసు చేయాల్సింది వందమందికి పైగా పద్ధెనిమిది, ఇరవై ఏళ్ళ పిల్లలు. ఎవరి మాట వినాలో, ఎవరి కోసం ఒళ్ళు విరుచుకోవాలో వాళ్ళకేం తెలుస్తుంది? విడిపోవడం ఖాయమైపోయాక కూడా ఇంటి లోను తేలేదాకా ఒకే కప్పు కింద మాటల్లేకుండా తిరిగే అమ్మానాన్నల పిల్లల్ని చూశాను నేను. ఆ నెలలకి ఏ బ్యాంకు వడ్డీ కడుతుంది? డబ్బు వృథా అయిందంటే అది 2019 నవంబరులోనే అయింది. జట్టు గెలిచినవాటి కంటే ఓడినవే ఎక్కువున్న సీజన్ మధ్యలో, "మనవాడే కదా" అని ఒప్పందం ఇంకో రెండేళ్ళు పొడిగించిన రోజున. ఆ రోజు మా వాళ్ళెవరూ కొత్తిమీర లెక్కలు చెప్పలేదు.

తీసేసిన ఆ నలుగురు సహాయ కోచ్‌ల గురించి కూడా ఎవరూ మాట్లాడరు. ఇలా సీజన్ చివర్లో ఉద్యోగం పోయిన ఇంట్లో నవంబరులో అట్టపెట్టెలు సర్దేది ఎవరో, పిల్లల్ని చదువు మధ్యలో కొత్త బడికి మార్చేది ఎవరో మనకి ఒకరు చెప్పాలా? హెచ్‌వన్‌బీ మీద వచ్చి, లే ఆఫ్ అన్న మాట వినగానే క్యాలెండర్ వంక చూసే మనబోటి వాళ్ళకి అది ఇంకా బాగా తెలుసు. పెద్ద కోచ్‌కి కోట్లొచ్చాయి కాబట్టి జాలి అక్కర్లేదంటారు, సరే. కింది వాళ్ళని ముందు బలిచ్చి పైవాడికి ఇంకో ఏడాది కొనడం మాత్రం నాకు మింగుడు పడదు.

2024 డిసెంబరులో యూసీఎఫ్ వాళ్ళు ఫ్రాస్ట్‌ని మళ్ళీ కోచ్‌గా పిలిచారు. ఆ వార్త వచ్చిన రోజు మావారు "చూశావా, వాడిలో విషయం ఉంది" అన్నారు. మా అమ్మాయి "ఉంటే ఇక్కడెందుకు కనబడలేదు నాన్నా?" అంది. ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు. నేను కరోల్ గురించి ఆలోచిస్తున్నాను. కొడుకుని ఊరంతా నెత్తిన పెట్టుకున్న రోజూ, ఊరంతా తిట్టిన రోజూ చూసిన తల్లి. ఆవిడనడిగితే ఏ ఏడాది పంపేసి ఉండాల్సిందని చెప్తుందో!