గిటారుకు గరుకు గొంతు

ఇంటిలోనికి వచ్చు వస్తువులలో కొన్ని మన మెరిగినవి, కొన్ని మన బిడ్డలు మాత్రమే ఎరిగినవి. కుట్టుమిషను కొనవలసి వచ్చినను, గ్రైండరు కొనవలసి వచ్చినను మనకు సలహా చెప్పువారు వాడవాడకును కలరు. కాని ఇంట పెరిగిన బిడ్డ వచ్చి, "అమ్మా, నా గిటారుకు ఫజ్ పెడల్ కావలె" నని అడిగినప్పుడు మనలో పెక్కురకు ఆ మాటయే అర్థము కాదు. అర్థము కానిదానికి డబ్బేల యని కొందరు త్రోసివేయుదురు. బిడ్డ ముఖము చూచి కొందరు అడిగినంతయు ఇచ్చివేయుదురు. ఈ రెండును గృహిణికి తగిన మార్గములు కావు. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో సింగరేణి క్వార్టర్లయందు కాపురముండు సోదరీమణులకు ఈ విషయము మరికొంత చిక్కైనది. కావున ఈ మాసమున ఆ చిన్న పెట్టెను గూర్చి మాకు తెలిసినది విన్నవించుచున్నాము.

మొదట అది ఏమి చేయునో తెలిసికొందము. ఎలక్ట్రిక్ గిటారు తీగ కదలినప్పుడు దాని క్రిందనున్న అయస్కాంతపు చుట్టలో మిక్కిలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరు ద్వారా వినిపించును. ఫజ్ పెడల్ ఈ రెంటికిని నడుమ నేలమీద నుండు పెట్టె. పాదముతో నొక్కినచో పని ప్రారంభించును, మరల నొక్కినచో మానును. అది ఆ విద్యుత్తును హద్దు మీరునట్లు పెంచి, ధ్వని తరంగముల శిఖరములను సమముగా నరికివేయును. అందువలన స్వరమున లేని అనుస్వరములు అనేకములు వచ్చి చేరును. నాదము గరుకై, తుమ్మెద ఝంకారము వలె జుమ్ముమని, మీటిన పిమ్మటకూడ చాలసేపు నిలుచును. ఆంగ్లమున ఫజ్ అనగా నూగు. నునుపైన పట్టువంటి ధ్వనికి కంబళి నూగు పట్టించు సాధన మని తలచిన సరిపోవును.

ఈ గరుకుదనము మొదట ఒక యంత్రము చెడుటవలన పుట్టినది. 1961వ సంవత్సరమున వెలువడిన మార్టీ రాబిన్స్ పాట 'డోంట్ వర్రీ' అమెరికాలోని నాష్‌విల్ నగరమున రికార్డు చేయబడుచుండగా, ధ్వనిని కలుపు యంత్రములో ఒక భాగము పాడై, గ్రేడీ మార్టిన్ వాయించిన బాస్ గిటారు బొంగురుపోయి వినవచ్చెను. ఆ పలుకు చెవికి క్రొత్తగా నుండుటచే దానిని తీసివేయక పాటయందే యుంచిరి. గ్లెన్ స్నాడీ యను ధ్వని ఇంజనీరు అట్టి పలుకునే కోరినప్పుడు పుట్టించు పరికరమును చేసెను. గిబ్సన్ సంస్థవారు దానిని 1962లో మాస్ట్రో ఫజ్‌టోన్ అను పేర అమ్మకమునకు పెట్టిరి. 1965లో రోలింగ్ స్టోన్స్ వారి 'శాటిస్‌ఫాక్షన్' పాటతో అది లోకమునకెల్ల తెలిసెను. మరుసటి యేట లండనులో గుండ్రని ఫజ్ ఫేస్ పుట్టినది. జిమీ హెండ్రిక్స్ దానిని వాయించి ప్రసిద్ధి కెక్కించెను.

ఇది మన చెవికి పరాయి రుచి యని కొందరు సోదరీమణులు తలంపవచ్చును. అట్లు కాదు. తంబుర శ్రుతి చేయునప్పుడు తీగక్రింద సన్నని నూలుపోగు నుంచుట మన మెరుగుదుము. ఆ పోగు లేనిచో తంబుర చప్పగా పలుకును. పోగు సరియైన చోట నిలిచిన క్షణమున నాదము జుమ్ముమని విచ్చుకొనును. ఎల్లమ్మ కథలు చెప్పువారి జమిడికకు ఆ గరగరయే ప్రాణము. ధ్వనికి కొంచెము గరుకు కలిపి జీవమిచ్చుట మన పెద్దలకు తెలియని విద్య కాదు. పాలకొల్లున 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ విద్యుత్ మాండలిన్‌పై కర్ణాటక సంగీతమును వాయించి, 2014లో తాను గతించువరకు దేశదేశముల సభల మెప్పించెను. విద్యుత్తుతో పలుకునంత మాత్రమున వాద్యము మనది కాకపోదని ఆయన చూపెను.

ఇక ఎంపిక మాట. ఫజ్ పెడళ్లలో ముఖ్యముగా రెండు జాతులు కలవు. ఒక జాతి జెర్మేనియం ట్రాన్సిస్టర్లతో చేసినది, మరియొకటి సిలికాన్ ట్రాన్సిస్టర్లతో చేసినది. జెర్మేనియం పలుకు మెత్తగను వెచ్చగను ఉండునని రసికులు మెచ్చుకొనుచుందురు. అంగళ్లవారును దానినే గొప్పగా చెప్పి హెచ్చు ధర అడుగుదురు. కాని జెర్మేనియమునకు వేడి గిట్టదు. ఉష్ణము 10 డిగ్రీలు పెరిగినకొలది దానిలో వృథాగా కారిపోవు విద్యుత్తు ఇంచుమించు రెట్టింపగును. అనగా 25 డిగ్రీలవద్ద చక్కగా పలికిన పెడల్‌లో 45 డిగ్రీలవద్ద ఆ నష్టము నాలుగింతలగును. అప్పుడు నాదము తడబడి, త్రెగి త్రెగి వచ్చి, ఒక్కొక్కప్పుడు మూగబోవును. రామగుండపు వైశాఖ జ్యేష్ఠముల యెండ ఎట్టిదో ఆ ప్రాంతపు సోదరీమణులకు మేము చెప్పనక్కరలేదు. గదిని చల్లపరచు సాధనము లేని యింట, పందిరిక్రింద వాయించు బిడ్డకు సిలికాన్ పెడలే తగినది. అది కొంచెము తీక్షణముగా పలుకునన్న మాట నిజమే. కాని చలికాలమునను ఎండకాలమునను ఒకే తీరున పలుకును. పేరును బట్టి కాక, ఉండు చోటును బట్టి వస్తువును కొనుట గృహిణి వివేకము.

పెడల్‌పై సాధారణముగా రెండు మూడు మరలుండును. ఒకటి ధ్వని పరిమాణమునకు, ఒకటి గరుకుదనమునకు. మూడవ దున్నచో అది స్వరమును మందముగనో పదునుగనో చేయుటకు. ప్రారంభకులకు ఈ మూడవ మర ఉన్న పెడల్ మేలు. ఏలయన చౌక స్పీకర్లపై ఫజ్ ధ్వని చెవిని గుచ్చును, దానిని తగ్గించు మార్గ ముండవలెను. బిగ్ మఫ్ అను ప్రసిద్ధమైన పెడల్‌కును ఇట్టి మర కలదు. కొనుటకు ముందు బిడ్డ తన గిటారునే అంగడికి తీసికొనిపోయి, తన కిష్టమైన ఒక్క పాటను వాయించి చూడవలెను. పెడల్ అణచినప్పుడును విడిచినప్పుడును ధ్వని పరిమాణము సమముగా నుండునట్లు మరలను సవరించి పోల్చవలెను. లేనిచో బిగ్గరగా వినబడినదే మంచిదని చెవి మోసపోవును.

విద్యుత్తు విషయమున ఒక జాగ్రత్త. ఈ పెట్టెలు పెక్కులు 9 వోల్టులతో పనిచేయును. అడాప్టరు కొనునప్పుడు దాని మొనలో లోపలి భాగము ఋణమో ధనమో పెట్టెమీది గుర్తుతో సరిచూడవలెను. పెక్కు పెడళ్లకు లోపల ఋణమే. కాని పాతకాలపు పద్ధతిలో చేసిన కొన్ని జెర్మేనియం పెడళ్లకు తీరు వేరు. గుర్తు సరిపోనిచో పెట్టె చెడును. బ్యాటరీతో వాయించు బిడ్డలు వాయింపు ముగిసినపిమ్మట గిటారు తీగ ప్లగ్గును పెడల్ నుండి ఊడదీయవలెను. ఊడదీయనిచో పెడల్ పనిచేయకున్నను బ్యాటరీ తెల్లవారులు ఖర్చగుచునే యుండును. యాంప్లిఫయరును మాత్రము భూమితీగ గల మూడు రంధ్రముల సాకెట్టునకే తగిలించవలెను. గిటారు తీగలు లోహము, వాయించువాని చేతులు ఆ లోహముమీదనే యుండును. ఈ ఒక్క విషయమున పొదుపు పనికిరాదు.

వాడుట యందలి మర్మము చెప్పెదము. ఫజ్ ఇంగువ వంటిది. చిటికెడు వేసిన పులుసంతయు ఘుమఘుమలాడును, గరిటెడు వేసిన నోట బెట్టలేము. గరుకు మరను చివరిదాక త్రిప్పుట కంటె సగమువద్ద నుంచి, గిటారుమీది మరనే తగ్గించుచు పెంచుచు వాయించిన చెవికి ఇంపు. ఫజ్ ఫేస్ జాతి పెడళ్లలో గిటారు మరను కొంచెము తగ్గించినంతనే గరుకు తొలగి స్వరము తేటపడును. ఈ జాతి పెడల్‌ను వరుసలో మొట్టమొదట, గిటారునకు నేరుగా తగిలించవలెను. నడుమ మరియొక పెట్టె నుంచినచో ఈ గుణము నశించుట కలదు. మరియు ఒక్కొక్క స్వరమును మీటునప్పుడు ఫజ్ శోభించును. షడ్జ పంచమములను కలిపి మీటినను నిండుగా నుండును. గాంధారము మొదలగు స్వరములను చేర్చి నాలుగైదు తీగలు కలిపి కొట్టినచో, స్వరములు ఒకదానితో నొకటి రాచుకొని గందరగోళ మగును. బిడ్డ వాయించునది రొదగా వినవచ్చినప్పుడు పెడల్‌ను నిందింపక, ఎన్ని తీగలు కలిపి కొట్టుచున్నాడో అడిగి చూడుడు.

బొగ్గు ప్రాంతపు ధూళిని గూర్చియు ఒక మాట. ఓపెన్‌కాస్టు గనుల దగ్గరి యిండ్లలో ఉదయము తుడిచిన బల్లపై సాయంకాలమునకు నల్లని పొర కనబడుట మన మెరుగనిది కాదు. ఆ ధూళి మరల సందులలో చేరినచో త్రిప్పినప్పుడెల్ల కరకర ధ్వని వచ్చును. పనిలేనప్పుడు పెడల్‌ను మూతగల డబ్బాలోనో దళసరి గుడ్డసంచిలోనో ఉంచవలెను. తడిగుడ్డతో తుడువరాదు. పొడిగుడ్డయు మెత్తని కుంచెయు చాలును.

మొదట చిక్కైనదని మేము చెప్పిన విషయమున కిప్పుడు వచ్చెదము. గని కార్మికుని యింట పగలు అందరి పగలు వంటిది కాదు. రాత్రి షిఫ్టు ముగించుకొని తెల్లవారిన తరువాత ఇల్లు చేరిన తండ్రికి పగలే రాత్రి. ఆయన నిద్ర చెడుట తలనొప్పితో పోవునది కాదు. నిద్ర చాలని కన్నుతో భూమిక్రింద పనిచేయుట ప్రాణముతో చెలగాటము. మన గోడకు ఆవలి క్వార్టరులోను అట్టి తండ్రియే నిద్రించుచుండవచ్చును. కావున ఫజ్ పెడల్ కొనుటకు పూర్వమే హెడ్‌ఫోన్లకు ఏర్పాటు చేయవలెను. ఇందొక సూక్ష్మము కలదు. ఫజ్ ధ్వనిని నేరుగా హెడ్‌ఫోన్లలో విన్నచో కందిరీగ చెవిలో దూరినట్లుండును. స్పీకరు స్వభావమును అనుకరించు ఏర్పాటు గల చిన్న హెడ్‌ఫోను యాంప్లిఫయరు నడుమ నుండవలెను. పెడల్‌కు పెట్టదలచిన డబ్బులో కొంత దీనికి కేటాయించి, చౌకయైన పెడల్‌ను కొన్నను తప్పులేదు.

అయితే హెడ్‌ఫోన్లలో వినుటకును మితము కలదు. 85 డెసిబెళ్ల ధ్వనిని దినమునకు 8 గంటలకు మించి వినరాదని వృత్తి ఆరోగ్య నిపుణుల మాట. ప్రతి 3 డెసిబెళ్లకు ఆ కాలము సగమగును. 100 డెసిబెళ్లకు అది 15 నిమిషములు మాత్రమే. ఫజ్ ధ్వని నిండుగ నుండుటచే చెవికి తెలియకుండ పెంచుకొనుట సులభము. గనిలో యంత్రముల హోరు విని విని చెవులు మందగించిన పెద్దలను చూచిన వారము గదా. బిడ్డ చెవులను ముచ్చటకోసము పోగొట్టుకొననీయరాదు. హెడ్‌ఫోన్లు పెట్టుకొన్న బిడ్డకు మన మామూలు గొంతుతో పిలిచిన పిలుపు వినబడవలెను. ఇది ప్రతి తల్లియు చేయదగిన పరీక్ష.

కడపట ఆడపిల్లల మాట. గిటారు కుమారునికి, కుమార్తెకు మాత్రము కుట్టుపని యను విభజన నేటికిని కొన్ని యిండ్లలో వినబడుచున్నది. ఫజ్ పెడల్ పుట్టకముందే అమెరికాలో సిస్టర్ రోసెట్టా థార్ప్ అను స్త్రీ (1915-1973) ఎలక్ట్రిక్ గిటారు చేతబట్టి, భక్తిగీతములు పాడుచు వేలకొలది జనమును ఉర్రూతలూగించెను. ఆమె తరువాతనే ఆ దారిని నడచిన పురుషులు పెక్కురు. 2019లో భారత ప్రభుత్వము స్త్రీలకు భూగర్భ గనులలో పగటిపూట సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగములు చేయుటకు అనుమతి నిచ్చినది. గనిలోనికే దిగు అర్హత గల ఆడపిల్లకు గిటారు పెడల్‌పై కాలు మోపు అర్హత లేదనుట హాస్యాస్పదము.

ప్రతి సంవత్సరము డిసెంబరు 23న సింగరేణి దినోత్సవము జరుగును. 1920లో సంస్థ ఆ దినముననే నమోదైనది. అట్టి యుత్సవములలోను, కాలనీ వేడుకలలోను వేదికనెక్కి వాయించుటకు మన పిల్లలకు అవకాశములు కలవు. వేదికమీద ఒక్క నిమిషము సరిగా వాయించుటకు ఇంటియందు అనేక దినములు సాధన చేయవలెను. ఆ సాధన తండ్రి నిద్రకును, పొరుగువారి శాంతికిని, బిడ్డ చెవికిని కీడు కలిగింపక జరుగునట్లు చూచుట తల్లి చేతిలో నున్నది. పెడల్‌ను కాదని బిడ్డ ఉత్సాహమును చంపనక్కర లేదు, అవునని ఇంటి నెమ్మదిని చెరుపనక్కర లేదు. సోదరీమణులు కొనుటకు ముందు బిడ్డను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఎప్పుడు వాయించునో, ఎట్లు వాయించునో మాట తీసికొని, ఆ పిమ్మట అంగడికి వెళ్లవలెనని కోరుచున్నాము.