గరాజ్ కబుర్లు: తల పోవాలి, బెజ్జం మిగలాలి

పాప్ రివెట్ అంటే వెంటనే గుర్తు రాకపోవచ్చు గానీ, దాన్ని చూడనివాళ్ళు ఉండరు. అల్యూమినియం తలుపు అంచునో, కంప్యూటర్ డబ్బా లోపలో, ట్రైలర్ పక్కగోడ మీదో వరసగా చిన్న చిన్న గుండీల్లా కనిపిస్తాయే, అవి. ఒక్కోదాని మధ్యలో చుక్కంత గుంట ఉంటుంది. మరలు ఉండవు, స్క్రూడ్రైవర్ పెట్టడానికి గాడి ఉండదు. అంటే పెట్టినవాడికి మళ్ళీ తీసే ఉద్దేశం లేదన్నమాట. ఈసారి కబురు దాన్ని తీయడం గురించే.

‘పాప్’ నిజానికి ఒక బ్రాండు పేరు. జెరాక్స్‌లాగా వాడగా వాడగా అందరి నోటా అదే నిలిచిపోయింది. అసలు పేరు బ్లైండ్ రివెట్. రేకు వెనక్కి వెళ్ళకుండా, అటువైపు చూడకుండా, ఇటునుంచే వేసేయొచ్చు కాబట్టి ఆ పేరు. బోలుగా ఉన్న చిన్న గొట్టం, దాని మధ్యలో సన్నటి మేకులాంటి ఊచ. ఆ ఊచని మాండ్రెల్ అంటారు. బెజ్జంలో పెట్టి రివెట్ గన్‌తో లాగితే ఊచ వెనకున్న తల గొట్టాన్ని ఉబ్బిస్తుంది. ఇక లాగలేనంత బిగిశాక ఊచ టప్పున తెగుతుంది. తెగిన ముక్క మన చేతికొస్తుంది, మిగతాది లోపలే ఉండిపోతుంది. ఆ లోపల ఉండిపోయినదాన్ని గుర్తు పెట్టుకోండి, తర్వాత దానితో పని ఉంది.

మా వీధి చివర ఉండే గుంటూరు అమ్మాయి పోయిన చలికాలంలో ఒక పాత ట్రైలర్ కొనుక్కుంది. వారాంతాల్లో ఫార్మర్స్ మార్కెట్ దగ్గర పెట్టి ఇడ్లీలు, పెసరట్లు అమ్మాలని. నాలుగేళ్ళుగా దాచుకున్న డబ్బంతా అందులోనే ఉంది. తీరా మంచు కరిగి వానలు మొదలయ్యేసరికి వెనక మూల నుంచి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. బాగుచేసేవాళ్ళని అడిగితే ఆ వైపు రేకు మొత్తం మార్చాలన్నారు. వాళ్ళు చెప్పిన ధర విన్నాక ఆ అమ్మాయి మా గరాజ్‌కి వచ్చింది.

“బాబాయ్ గారూ, ఈ రేకు బాగానే ఉంది కదా. ఊడదీసి, లోపల ఏమయిందో చూసి, మళ్ళీ ఇదే బిగిస్తే కుదరదా?”

కుదురుతుంది. కాకపోతే ఒక షరతు. ఆ రేకుకి 46 రివెట్లున్నాయి. వాటిని తీసేటప్పుడు 46 బెజ్జాలూ చెడకుండా ఉండాలి.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. రివెట్ తీయడమంటే రివెట్‌తో పోట్లాట అనుకుంటాం. అది ఎలాగూ చెత్తబుట్టలోకి పోయేదే. కాపాడుకోవలసింది బెజ్జాన్ని. ఆ ట్రైలర్‌వి 3/16 అంగుళం రివెట్లు, అంటే సుమారు 4.8 మిల్లీమీటర్లు. దశాంశాల్లో 0.1875 అంగుళం. దానికి వేయవలసిన బెజ్జం 0.191 అంగుళం. రెంటికీ తేడా ఇంచుమించు ఒక వెంట్రుక మందం. బిట్ కాస్త పక్కకి జారి బెజ్జం కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందంటే అదే సైజు కొత్త రివెట్ అందులో పట్టు దొరక్క ఆడుతుంది. ఆడినచోట నీరు దిగుతుంది. దేనికోసం విప్పామో అదే మళ్ళీ మొదలవుతుంది.

నేను చెబుతూ ఉన్నాను, డ్రిల్ మాత్రం ఆ అమ్మాయి చేతికే ఇచ్చాను. ట్రైలర్ తనది, రేపు దారిలో ఏదైనా ఊడితే పక్కన నేనుండను కదా.

ముందు కళ్ళజోడు. మామూలుది కాదు, పక్కలు కూడా మూసి ఉండేది. తర్వాత రివెట్ చుట్టూ మాస్కింగ్ టేపు, బిట్ జారినా రంగు మీద గీత పడకుండా.

ఆ తర్వాత లోపల మిగిలిన ఊచ సంగతి. రివెట్ అల్యూమినియందే అయినా లోపలి ఊచ చాలావాటిలో ఉక్కుది. డ్రిల్ బిట్ గట్టిగా ఉన్నదాన్ని వదిలి మెత్తగా ఉన్నవైపు జారిపోతుంది. బెజ్జాలు చెడేది చాలావరకు ఇందుకే. కాబట్టి ముందే సన్నటి పిన్ పంచ్ ఊచ మీద ఆనించి సుత్తితో ఒకటి రెండు దెబ్బలు మెల్లగా వేస్తే అది వెనక్కి పడిపోతుంది. మిగిలిన గుంటే బిట్‌కి దారి చూపిస్తుంది. నీరు దిగకుండా అడుగు మూసి ఉండే రకం రివెట్లయితే ఊచ ఇలా పడిపోదు. అప్పుడు సెంటర్ పంచ్‌తో సరిగ్గా మధ్యన గుర్తు కొట్టి, చిన్న బిట్‌తో మొదలుపెట్టాలి.

ఇక బిట్. రివెట్ గొట్టం ఎంతుందో అంతే, 3/16. పెద్దదయితే బెజ్జాన్ని తినేస్తుంది. వేగం తక్కువగా, చేయి నిటారుగా. మనం కోసేది తల వరకే. తల తెగగానే ఉంగరంలా బిట్‌కి చుట్టుకుని పైకి వస్తుంది. అక్కడ ఆపేయాలి. ఆ మూలన రేకు వెనక నుంచే వెనక దీపాల వైర్లు పోతున్నాయి, అందుకని బిట్‌కి మొన నుంచి కొద్ది దూరంలో టేపు చుట్టి జెండాలా వదిలాం. జెండా రేకుని తాకిందంటే చాలన్నమాట.

ఎనిమిదోదో తొమ్మిదోదో, తల తెగకుండా బిట్‌తోపాటే గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఇలాంటప్పుడు ఇంకా గట్టిగా నొక్కాలనిపిస్తుంది. నొక్కితే అది వేడెక్కుతుంది, తిరిగి తిరిగి బెజ్జాన్ని వెడల్పు చేస్తుంది. ఆపి, తల అంచుని ముక్కు ప్లయర్‌తో పట్టుకుని మళ్ళీ మెల్లగా వేయాలి.

అప్పుడంది ఆ అమ్మాయి: “ఇది కుట్లు విప్పడమే కదా బాబాయ్ గారూ. మా అమ్మ జాకెట్లు కుట్టేది. దారం తెగాలి, గుడ్డ చిరగకూడదు. లాగావంటే వీపు మీద ఒక్కటిచ్చేది.”

ఇన్నాళ్ళుగా ఈ పని చేస్తున్నా ఇంత చక్కగా నాకెప్పుడూ చెప్పడం రాలేదు. ఆ తర్వాత నేను మాట్లాడటం తగ్గించి తలలు ఏరే పనిలో పడ్డాను.

తల పోయాక మిగిలిన గొట్టాన్ని పంచ్‌తో లోపలికి తడితే పడిపోతుంది. అలా పడ్డవి గోడ లోపలే ఉంటే ట్రైలర్ కదిలినప్పుడల్లా గలగలమంటాయి. రేకు తీశాక అన్నీ ఏరాలి. ఉక్కు రజను రంగు మీద వదిలితే నాలుగు వానలకి ఎర్రటి తుప్పు మరకలవుతుంది. అయస్కాంతం గుడ్డలో చుట్టి తిప్పితే అంతా దానికే అంటుకుంటుంది.

పాత ట్రైలర్లు విప్పేవాళ్ళకి ఒక హెచ్చరిక. వాహన గుర్తింపు సంఖ్య ఉన్న పలకని కూడా రివెట్లతోనే బిగిస్తుంటారు. దాని జోలికి పోకండి. అమెరికాలో తెలిసి దాన్ని తొలగించడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం.

మధ్యాహ్నం దాటాక రేకు ఊడింది. ఇనుప ఫ్రేమ్ మూల ఎర్రగా తుప్పు పట్టి ఉంది. దాన్ని ఆనుకున్నచోట అల్యూమినియం తెల్లగా పిండిలా రాలుతోంది. రెండు రకాల లోహాలు తడిలో కలిసి ఉంటే ఇలాగే అవుతుంది, అందులో రసాయనికంగా ఎక్కువ చురుకైనది ముందు అరిగిపోతుంది. అయితే ఫ్రేమ్ గుల్లబారలేదు. గీకి, ప్రైమర్ కొట్టి, ఆరాక మధ్యలో బ్యూటైల్ టేపు వేసి, మర్నాడు అదే రేకు అవే బెజ్జాల మీద పెట్టాం. తను ఒక్కొక్కటే రివెట్ వేస్తుంటే ఊచలు టప్పు టప్పున తెగాయి.

46లో 43 చోట్ల పాత సైజే సరిపోయింది. మిగతా మూడూ మేం ముట్టుకోకముందే చెడి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో తొందరపడి ఉలితో తల కొట్టేసినట్టున్నారు, రేకు సొట్టపడి బెజ్జం సాగిపోయింది. వెనక ఫ్రేమ్‌లో బెజ్జం బాగానే ఉంది కాబట్టి అక్కడ వెడల్పు తల ఉన్న రివెట్లు వేశాం.

ఇప్పుడు ట్రైలర్ వెనక నిలబడి చూస్తే ఆ మూడూ మిగతావాటికన్నా పెద్ద తలలతో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. మిగిలిన 43 చోట్ల ఎవరూ చేయి పెట్టినట్టే ఉండదు. పెసరట్టు కోసం వరసలో నిలబడ్డవాళ్ళలో ఎవరూ వాటిని చూడరు. ఆ రెండు రోజులూ మేం కష్టపడింది వాళ్ళు చూడకుండా ఉండటానికే.