మన ఆరోగ్యం: కదిలితే నొప్పి, కదలకపోతే మరింత నొప్పి



కిందటి సంచిక అందిన తరువాత హోసూరు నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. ఆమె వయసు 62. ఎనిమిదేళ్లుగా మోకాళ్ల నొప్పులు, వాటికి తోడు నడుము నొప్పి. ఎక్స్‌రే తీసి అరుగుదల అన్నారట. "డాక్టరు గారేమో కదలమంటారు, మా అబ్బాయి కదలవద్దంటాడు. వరలక్ష్మీ వ్రతం నాడు పీట మీద కూర్చోలేక కుర్చీలో కూర్చుని పూజ చేసుకున్నాను. అమ్మవారి ఎదుట కుర్చీ వేసుకున్నానే అని ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఇక నా బతుకు ఇంతేనా?" అని అడిగారు.

అది నా కథ కూడా. పన్నెండేళ్ల కిందట నాకు నడుము పట్టేసింది. విశ్రాంతే మందు అనుకుని మంచం దిగలేదు. నెల తిరిగేసరికి నొప్పి తగ్గలేదు సరికదా, మెట్లెక్కే బలం కూడా పోయింది. తరువాత పట్టుదల వచ్చి, ఒక ఉదయం ఏకంగా పన్నెండు సూర్య నమస్కారాలు చేశాను. మళ్లీ పది రోజులు మంచమే! అతి విశ్రాంతి, అతి ఉత్సాహం రెండూ కూడవని అలా తెలిసివచ్చింది.

మూడు నెలలు దాటి నిలిచిన నొప్పిని వైద్యులు దీర్ఘకాలిక నొప్పి అంటారు. వేలు తెగితే కలిగే నొప్పి వేరు, ఇది వేరు. మన వీధిలో రాత్రి కాపలా తిరిగే గూర్ఖాను తలచుకోండి. దొంగ వస్తే ఈల వేయడం అతని పని. కానీ ఒకసారి బాగా బెదిరిన గూర్ఖా, పిల్లి దూకినా ఈల వేస్తాడు. ఏళ్ల తరబడి నొప్పి అనుభవించిన శరీరంలో నరాలు కూడా అలాగే అతి జాగ్రత్తకు అలవాటు పడతాయి. అంటే నొప్పి మీ ఊహ అని కాదు. నొప్పి నిజమే. అయితే నొప్పి కలిగిన ప్రతిసారీ లోపల ఏదో విరుగుతోందని, తెగుతోందని అనుకోనక్కరలేదు.

ఆ భయంతో కదలడం మానేస్తే ఏమవుతుంది? మోకాలి కీలులోని మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు లోపలి ద్రవం ద్వారానే దానికి పోషణ అందుతుంది. తొడ కండరం బలహీనపడితే మోకాలి మీద భారం పెరుగుతుంది. నిద్ర చెడుతుంది, దిగులు పెరుగుతుంది, ఆ దిగులు నొప్పిని మరింత పెంచుతుంది. అందుకే శరీరంతో పాటు ఊపిరికీ, మనసుకూ పని చెప్పే మెల్లని వ్యాయామం కావాలి. నెమ్మదిగా, ఊపిరిని గమనిస్తూ కదిలినప్పుడు, "ఇందులో ప్రమాదం లేదు" అని ఆ గూర్ఖాకు మనమే నచ్చచెబుతున్నట్లు.

ఇది కేవలం నమ్మకం కాదు. 2017లో బోస్టన్‌లో 320 మంది నడుము నొప్పి రోగుల మీద జరిగిన పరిశోధన ఫలితాలు వెలువడ్డాయి. పన్నెండు వారాల తరువాత చూస్తే యోగా, ఫిజియోథెరపీకి తీసిపోలేదు. అంతకు ముందు 2016లో, మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిలో తాయ్ చీ అనే చైనా దేశపు మెల్లని వ్యాయామానికీ ఇలాంటి ఫలితమే వచ్చింది. అందరికీ నొప్పి పూర్తిగా పోలేదు. కానీ చాలామందికి తగ్గింది, పనులు చేసుకోగలిగారు.

ఇక కుర్చీ సంగతి. కోలారు జిల్లా బెళ్లూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగార్ గారు చిన్నతనంలో మలేరియా, టైఫాయిడ్, క్షయలతో కృశించినవారు. ఆయనే పెద్ద యోగాచార్యులై, 1975లో పుణేలో యోగ సంస్థ నెలకొల్పారు. కుర్చీ, తాడు, చెక్కదిమ్మ, దిండు ఆసరాగా ఇచ్చి, ఒళ్లు వంగనివారి చేత కూడా ఆసనాలు వేయించారు. కనుక సోదరీ, కుర్చీ అవమానం కాదు. అంత గొప్ప గురువు చేతిలో అది ఒక సాధనం.

చక్రాలు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, పాదాలు రెండూ నేలకు తాకేలా కూర్చోండి.

మొదట పది శ్వాసలు. తీసుకునే ఊపిరి కంటే వదిలే ఊపిరి కాస్త పొడవుగా ఉండాలి. వదులుతూ భుజాలనూ, దవడనూ సడలించండి. ఊపిరి బిగపట్టవద్దు.

రెండవది, మడమలు ఆనించి వేళ్లు పైకి, వేళ్లు ఆనించి మడమలు పైకి. పదేసి సార్లు.

మూడవది, ఊపిరి వదులుతూ ఒక కాలిని హాయిగా ఉన్నంతవరకే ముందుకు చాపి, మూడు లెక్కపెట్టి దించండి. ఒక్కో కాలికి ఐదు సార్లు.

నాలుగవది, చేతులు మోకాళ్ల మీద ఉంచి, ఊపిరి తీసుకుంటూ ఛాతీ కొద్దిగా ముందుకు, వదులుతూ వీపు కొద్దిగా గుండ్రంగా. ఐదు సార్లు. ఎముకలు గుల్లబారినవారు దీన్ని వదిలేయాలి.

ఐదవది తాయ్ చీ పద్ధతి. వంటగట్టు పట్టుకుని నిలబడి, శరీర భారాన్ని నాలుగు లెక్కపెడుతూ ఎడమ కాలి మీదికి, మళ్లీ కుడి కాలి మీదికి మార్చండి. పది సార్లు. చివర రెండు నిమిషాలు కళ్లు మూసుకుని ఊరికే కూర్చోండి.

మొదటి వారం ఇందులో సగమే చేయండి. బాగున్న రోజున రెట్టింపు చేయవద్దు, బాగులేని రోజున పూర్తిగా మానవద్దు. నిదానమే ప్రధానం. నొప్పికి పదికి ఎన్ని మార్కులో మీరే వేసుకోండి. వ్యాయామం వల్ల ఒకటి రెండు మార్కులు పెరిగి, మర్నాటి ఉదయానికి సర్దుకుంటే భయం లేదు. సర్దుకోకపోతే మరుసటి సారి సగానికి తగ్గించండి. ఫలితం కోసం కనీసం మూడు నెలలు ఓపిక పట్టండి.

మొదలుపెట్టే ముందు మీ డాక్టరు గారిని అడగండి. మాత్రలు సొంతంగా మానవద్దు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గడం, మలమూత్రాలు పట్టు తప్పడం, జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, కీలు ఎర్రగా వాచడం, కింద పడిన తరువాత వచ్చిన నొప్పి, ఛాతీ నొప్పి: వీటిలో ఏది కనిపించినా వ్యాయామం ఆపి వెంటనే వైద్యుణ్ణి చూడాలి.

అబ్బాయి గారికి ఒక మాట. "అమ్మా, నువ్వు లేవకు" అనడం ప్రేమే. కానీ "పదమ్మా, నేనూ చేస్తాను" అని పక్కన కుర్చీ వేసుకోవడం ఇంకా పెద్ద ప్రేమ. మన సంఘాల హాళ్లు వారంలో చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. ఒక సాయంత్రం పదిమంది పెద్దలు కలిసి ఇది చేస్తే, నొప్పి వల్ల ఇల్లు కదలనివారికి నాలుగు తెలుగు మాటలు కూడా దొరుకుతాయి.

సోదరీ, వచ్చే వ్రతానికి పీట మీద కూర్చుంటారని నేను మాట ఇవ్వలేను. నాకూ నడుము నొప్పి పూర్తిగా పోలేదు. కానీ మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టుకుంటున్నాను. మీరూ అలాంటి పని ఒకటి ఎంచుకోండి. మూడు నెలల తరువాత ఉత్తరం రాయండి, ఎదురుచూస్తుంటాను.