నేరం అయస్కాంతానిది కాదు

ద్విపరిమాణ స్పెక్ట్రోస్కోపీ ఊసెత్తితే చాలు, ఎమ్మార్ఐ విభాగాల్లో వచ్చే జవాబు ఒక్కటే. అది ల్యాబు పని, పేషెంటును అంతసేపు పడుకోబెట్టలేం, 7 టెస్లా మిషను వచ్చాక చూద్దాం అని. ఈ జవాబు తప్పు.

సమయం ఎక్కడ పోతోందో లెక్క చూడండి. కోసీ అనే ద్విపరిమాణ పద్ధతిలో పల్సుల మధ్య వ్యవధిని కొద్దికొద్దిగా పెంచుతూ 64 మెట్లు కొలుస్తారనుకుందాం. మెట్టుకు 8 సార్లు, సారికి 2 సెకన్లు. మొత్తం 1,024 సెకన్లు, అంటే 17 నిమిషాలు. ఆ 2 సెకన్లలో సిగ్నల్ వినేది సుమారు అర సెకను. మిగతాదంతా ప్రోటాన్లు కోలుకునేదాకా కాచుకోవడమే. అయస్కాంతం బలం పెరిగితే సిగ్నల్ పెరుగుతుంది, నిజమే. మెట్లు మాత్రం తగ్గవు, ప్రోటాన్లు కోలుకునే కాలం ఇంకాస్త పెరుగుతుంది కూడా.

పోనీ, ఇంత పట్టుబట్టడం దేనికంటారా? ఐడీహెచ్ జన్యుమార్పు ఉన్న మెదడు కణితుల్లో 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం పేరుకుంటుంది. మామూలు స్పెక్ట్రంలో 2.25 పీపీఎం దగ్గర గ్లూటమేట్, గ్లూటమిన్, గాబా దాన్ని కమ్మేస్తాయి. కోసీలో అది 4.02, 1.91 పీపీఎంలు కలిసే చోట విడిగా తేలుతుంది. 2012లోనే రోగుల్లో దీన్ని చూపించారు. అదీ 3 టెస్లా స్కానర్ మీదే.

మరి సమయం తగ్గేదెలా? కోసీ ఇచ్చే ద్విపరిమాణ పటంలో చాలా భాగం ఖాళీ. ఖాళీ ఎక్కువున్న డేటాను కొద్ది కొలతలతోనే తిరిగి కట్టవచ్చని 2007లో లస్టిగ్, డొనోహో, పౌలీ ఎమ్మార్ఐకి చూపారు. 64 మెట్లలో 16 ఎంచుకుంటే పని నాలుగు నిమిషాల పైచిలుకులో అయిపోతుంది. కొత్త కాయిల్ అక్కర్లేదు. మారాల్సింది సీక్వెన్సు, లెక్కకట్టే ప్రోగ్రామే.

నాయిజ్ పెరుగుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. కొలతలు నాలుగో వంతైతే సిగ్నల్, నాయిజ్‌ల నిష్పత్తి సగమవుతుంది. బలహీనమైన శిఖరాలే ముందు పోతాయి కనుక, ఎంత తగ్గించవచ్చో ఫాంటమ్ అనే పరీక్ష నమూనా మీద తేల్చుకోవాలి. కానీ తొందర కోసం చివరి మెట్లు కోసేసే అలవాటు అంతకన్నా చేటు. కోసీలో అలా రెండు విలువలు కలిసే చోట తేలే అడ్డ శిఖరాలు మొదటి మెట్టులో సున్నా నుంచి మొదలై మెల్లగా పెరుగుతాయి. చివరి మెట్లు పోతే మనకు కావలసినదే పోతుంది. ఎంచి వదలడం వేరు, తోక కోయడం వేరు.

3 టెస్లా స్కానర్ ఉన్న ప్రతి విభాగం తన ఫిజిసిస్టుకు ముందు ఆ సీక్వెన్సును, ఒక ఫాంటమ్‌ను, ఒక సాయంత్రాన్ని ఇవ్వాలి. 7 టెస్లాకు టెండరు ఆ తర్వాతే పిలవాలి.