చౌక ప్రింటరు, ఖరీదైన ఫోటో

గత ఈద్‌కు మా నానీ ఇంట్లో నాలుగు తరాల వాళ్ళం ఒకచోట చేరాము. పిల్లలు సెల్‌ఫోనులో తీసిన ఫోటోలను ఆమెకు చూపించబోయారు. వేలు తగిలినప్పుడల్లా బొమ్మ మారిపోవటం ఆమెకు నచ్చలేదు. “చేతిలో పట్టుకుని చూసుకునేది ఒకటివ్వండి బేటా” అన్నారు. ఆమెకు ఎనభై ఏళ్ళు దాటాయి. వాయిదా వేయదగిన కోరిక కాదది. ఆ వారమే దుకాణానికి వెళ్ళి, ఉన్నవాటిలో అన్నిటికన్నా చౌకైన ప్రింటరును కొని తెచ్చాను. పొరపాటు అక్కడే జరిగింది.

ఇరవై ఫోటోలైనా పూర్తి కాకముందే రంగుల కార్ట్రిడ్జి అడుగంటింది. కొత్తది కొని వేసి, రెండు నెలలు ప్రింటరు జోలికి వెళ్ళలేదు. మళ్ళీ తీస్తే నానీ ముఖం మీద అడ్డంగా తెల్లని గీతలు వచ్చాయి. వాడకం లేక నాజిళ్ళలో ఇంకు ఎండిపోయిందన్నమాట.

ప్రింటరు కొనేవారు ముందుగా చూడవలసినది దాని ధర కాదు, ఒక్కో ఫోటోకు అయ్యే ఖర్చు. పెట్టె మీద ముద్రించిన పేజీల సంఖ్యను చూసి మోసపోరాదు. అది సాధారణ పత్రాల లెక్క. అటువంటి పేజీలో కాగితం చాలావరకు తెల్లగానే ఉంటుంది. ఫోటోలో ఈ అంచు నుండి ఆ అంచు వరకు ఇంకే. ఉదాహరణకు, 900 రూపాయల కార్ట్రిడ్జి 45 ఫోటోలకు వస్తుందనుకుందాం. ఇంకుకే ఫోటోకు 20 రూపాయలు, పైన కాగితం ఖర్చు. మా ఊరి స్టూడియోలో అదే ఫోటోను 15 రూపాయలకు ఇస్తున్నారు!

అందుచేత ఏడాదికి పదో ఇరవయ్యో ఫోటోలు మాత్రమే కావలసిన ఇంటికి ప్రింటరు అనవసరమనే నా అభిప్రాయం. పిల్లల ప్రాజెక్టులు, దరఖాస్తులు, ఆధార్ నకళ్ళు, వాటితోపాటు ఫోటోలు, ఇలా వారం వారం పని ఉన్న ఇంటికి ఇంకు ట్యాంకు ప్రింటరు తగినది. ఎప్సన్ సంస్థ ఈ పద్ధతిని 2010లో ఇండోనేషియాలో ప్రవేశపెట్టింది. తరువాత కెనన్, హెచ్.పి. కూడా ఆ దారి పట్టాయి. కొనేటప్పుడు ధర ఎక్కువే. అయితే ఇంకును సీసాలతో నింపుకోవచ్చు గనుక ఫోటో ఖర్చు బాగా తగ్గుతుంది. మామూలు ట్యాంకు ప్రింటర్లలో నాలుగు రంగులుంటాయి. ఎప్సన్ ఎల్8050 వంటి వాటిలో ఆరు రంగులు; లేత నీలం, లేత మెజెంటా అదనంగా ఉండటం వల్ల చర్మపు ఛాయ, ఆకాశం మరింత నునుపుగా వస్తాయి. లేజరు ప్రింటరు అక్షరాలకు మేలైనది, ఫోటోలకు కాదు.

ట్యాంకు ఉన్నంత మాత్రాన నాజిళ్ళు ఎండిపోవని కాదు. వారానికొక రంగుల పేజీ అయినా తీయాలి. ఆపేటప్పుడు గోడ స్విచ్చి కాక, ప్రింటరు మీది మీటనే నొక్కాలి. అప్పుడే హెడ్ తన మూత కిందికి చేరుతుంది. నేను ఇంతకాలం గోడ స్విచ్చినే ఆపేదాన్ని. గీతలు కనిపించినప్పుడల్లా ‘క్లీనింగ్’ నొక్కటం కూడా మంచిది కాదు. ఒక్కోసారి బోలెడంత ఇంకు వృథాగా పోతుంది.

కాగితం విషయం: మామూలు జిరాక్సు కాగితం 70, 80 జి.ఎస్.ఎం. మందం కలది, దాని మీద ఎంత గొప్ప ప్రింటరైనా చప్పగానే ముద్రిస్తుంది. 200 జి.ఎస్.ఎం. పైబడిన ఫోటో కాగితం తీసుకుని, కంప్యూటరులో కాగితం రకాన్ని కూడా మార్చాలి. ఇది మరచి ప్రింటరును తిట్టేవారు చాలామంది.

అన్నిటికన్నా ముఖ్యం అసలు ఫోటో. 4×6 అంగుళాలకు 1200×1800 పిక్సెళ్ళు చాలు. ఏ ఫోనైనా అంతకంటే ఎక్కువే ఇస్తుంది. కాని వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. బంధువులను ‘డాక్యుమెంటు’గా పంపమని అడగండి.

స్కానరు కలిసి ఉన్న ప్రింటరును తీసుకోమనటానికి నాకొక కారణం ఉంది. కీర్తిశేషులైన మా నానాది ఒకే ఒక్క ఫోటో మిగిలింది, మూల చెమ్మతగిలి మచ్చ పడిన పాస్‌పోర్టు సైజు బొమ్మ. మా తమ్ముడి ట్యాంకు ప్రింటరులో దానిని 600 డి.పి.ఐ.తో స్కాను చేశాము. అంతటి స్కానుతో ఫోటోను నాణ్యత చెడకుండా రెట్టింపు కొలతకు పెంచవచ్చు. ఆ ఒక్కదానిని మాత్రం స్టూడియోలోనే ముద్రింపించాను. ఎండ తగలని గోడకు ఫ్రేము కట్టించి పెడదామంటే నానీ ఇవ్వటం లేదు. తలగడ కిందే ఉంచుకున్నారు.