కుర్చీకి గడువు ఎవరు పెట్టాలి?

ఒక మనిషి ఒక పదవిలో ఎన్నాళ్లు ఉండొచ్చు? ఐదేళ్లా... పదేళ్లా... ఊపిరి ఉన్నంతకాలమా?

ఈ ప్రశ్నకు 2022లో బెజవాడ చుట్టుపక్కలే మూడు నెలల తేడాతో రెండు జవాబులొచ్చాయి. ఒకటి తూర్పు అంటే, రెండోది పడమర!

మొదటిది జులైలో. విజయవాడ-గుంటూరు రహదారి మీద ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం దగ్గర వైఎస్సార్‌ కాంగ్రెస్‌ పార్టీ 8, 9 తేదీల్లో ప్లీనరీ జరుపుకుంది. అప్పుడా పార్టీ అధికారంలో ఉంది. రెండోరోజున నియమావళిని సవరించి, జగన్‌మోహన్‌రెడ్డిని జీవితకాల అధ్యక్షుడిగా ఎన్నుకున్నట్లు ప్రకటించారు. అంటే అయిదేళ్లకోసారి అధ్యక్షుణ్ని ఎన్నుకునే పనే ఉండదన్నమాట!

కానీ, ఆ కబురు ఢిల్లీ దాకా వెళ్లింది. ఏ పార్టీ అయినా అయిదేళ్లు దాటకుండా సంస్థాగత ఎన్నికలు జరుపుకోవాలన్నది ఎన్నికల సంఘం పెట్టిన నిబంధన. అందుకే, శాశ్వత పదవి అన్న ఆలోచనే ప్రజాస్వామ్యానికి విరుద్ధమని సెప్టెంబరులో ఆ సంఘం తేల్చి చెప్పింది. అంతర్గత విచారణ జరిపి, దీనిపై జనానికి స్పష్టత ఇవ్వమని పార్టీని ఆదేశించింది. ఆ ప్రతిపాదనను జగన్‌ తిరస్కరించారనీ, అందుకే అది మినిట్స్‌లోకి ఎక్కలేదనీ పార్టీ నాయకులు వివరణ ఇచ్చారు.

గీత గీసిన ఎర్రజెండా

ఆ మరుసటి నెలలోనే రెండో జవాబు వచ్చింది. అక్టోబరు 14 నుంచి 18 వరకు సీపీఐ 24వ జాతీయ మహాసభ విజయవాడలో జరిగింది. నాయకత్వ పదవులకు 75 ఏళ్ల వయోపరిమితి పెడుతూ అక్కడ నిర్ణయం తీసుకున్నారు. కొత్త తరానికి చోటివ్వాలంటే పాతతరం లేవాల్సిందేనన్నది వాళ్ల మాట.

ఈ గీత విలువ తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. కృష్ణాజిల్లా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు 1964 నుంచి 1990 దాకా సీపీఐ ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. ఇరవయ్యారేళ్లు! ఆస్తులు వదులుకుని ఉద్యమంలోకి వచ్చిన మనిషని ప్రత్యర్థులూ గౌరవించేవారు. మంచివాడే కదా, ఉండనివ్వండి... అన్న మాటకు ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టమే. చిక్కల్లా అక్కడే ఉంది. గడువు అనేది చెడ్డవాళ్లను దించడానికి మాత్రమే కాదు. మంచివాళ్ల వెనక వరసలో నిలబడ్డవాళ్లకు వంతు రావడానికి కూడా.

సీపీఎం ఇంకో దారి పట్టింది. 2012లో కోజికోడ్‌ మహాసభలో నియమావళిని మార్చి, ఏ స్థాయి కార్యదర్శి అయినా వరసగా మూడు దఫాలకు మించి ఉండకూడదని రాసుకుంది. ప్రత్యేక పరిస్థితుల్లో నాలుగోసారి కావాలంటే కమిటీలో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ప్రకాశ్‌ కారాట్‌ మూడు దఫాలు ముగించుకుని 2015లో విశాఖపట్నం మహాసభలో తప్పుకున్నారు. ఆ స్థానంలోకి తెలుగువారైన సీతారాం ఏచూరి వచ్చారు.

మరి బెజవాడలో గీసిన గీత నిలిచిందా? మూడేళ్లకు, 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో సీపీఐ మళ్లీ సమావేశమైంది. అప్పటికి 75 దాటిన డి.రాజాకు మినహాయింపు ఇచ్చి, మళ్లీ ఆయన్నే ఎన్నుకున్నారు. ఆయన అనుభవం పార్టీకి అవసరం కావచ్చు. కానీ గీత గీసిందీ పార్టీయే, దాటనిచ్చిందీ పార్టీయే!

తెలుగుదేశంలో రెండేళ్లకోసారి మహానాడులో అధ్యక్ష ఎన్నిక జరుగుతుంది. నామినేషన్లు పడతాయి. అయినా 1995 నుంచి పార్టీ పగ్గాలు చంద్రబాబునాయుడి చేతిలోనే ఉన్నాయి. ఎన్నిక ఉన్నంత మాత్రాన పోటీ ఉంటుందని కాదు మరి!

లస్కరు ఎందుకు?

డెల్టా రైతుకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. నీళ్లు తక్కువైన ఏడు కాలువకు వంతులు పెడతారు. షట్టరు ఎత్తేది, దించేది లస్కరు. ఎగువనున్న రైతు చేతికే ఆ పని అప్పగిస్తే ఏమవుతుంది? అతను మంచివాడే కావచ్చు. తన మడి తడిసే దాకా, ఆ తర్వాత ఇంకాసేపు... అంటూ ఉంటే చివరి భూములకు నీళ్లు చేరేదెప్పుడు? పదవీ అంతే. కూర్చున్నవాళ్లే గడువు పొడిగించుకోగలిగితే అది గడువు కాదు.

దేశానికి పెద్దదిక్కయిన రాష్ట్రపతి సంగతేమిటి? రాజ్యాంగంలోని 56వ అధికరణ ఆయనకు అయిదేళ్ల గడువిచ్చింది. 57వ అధికరణ మళ్లీ పోటీ చేయొచ్చంది. ఎన్నిసార్లన్న లెక్క లేదు! అయినా ఒకసారికి మించి ఎన్నికైంది బాబూ రాజేంద్రప్రసాద్‌ ఒక్కరే. 1950 నుంచి 1962 దాకా పన్నెండేళ్లకు పైగా ఉన్నారు. మన సర్వేపల్లి రాధాకృష్ణన్‌, వి.వి.గిరి, నీలం సంజీవరెడ్డి ఒక్కో దఫాతోనే సరిపెట్టుకున్నారు. రాష్ట్రపతిని ఎన్నుకునే పద్ధతి మార్చాలంటే పార్లమెంటుతో పాటు సగం రాష్ట్రాల శాసనసభలూ ఒప్పుకోవాలి. పదవీకాలం మార్చడానికి అదీ అక్కర్లేదు, పార్లమెంటులో మూడింట రెండొంతుల మద్దతు చాలు. జనాన్ని అడగాలన్న నియమం ఎక్కడా లేదు.

జనాన్ని అడిగితే...

అడిగిన దేశాలున్నాయి. 2016 ఫిబ్రవరిలో బొలీవియా అధ్యక్షుడు ఈవో మొరాలిస్‌ తనకు మరోసారి పోటీచేసే అవకాశం ఇవ్వమని రెఫరెండం పెట్టారు. 51 శాతానికి పైగా వద్దన్నారు. కథ అక్కడితో అయిపోవాలి. కానీ మరుసటి ఏడాది రాజ్యాంగ న్యాయస్థానం ఆయనకు దారి తెరిచింది. 2019 ఎన్నికలు గొడవల్లో ముగిసి, ఆయన దేశమే విడిచి వెళ్లాల్సి వచ్చింది. రష్యాలో 2020లో జరిగిన ఓటింగులో జనం అవునన్నారు. దాంతో పుతిన్‌ పాత దఫాల లెక్క చెరిగిపోయింది. పక్కనున్న శ్రీలంకలో జనాన్ని అడగలేదు. 2010లో పార్లమెంటే రెండు దఫాల పరిమితిని ఎత్తేసింది. మూడోసారి నిలబడ్డ మహింద రాజపక్స 2015 జనవరిలో ఓడిపోయారు. ఆ ఏడాదే పరిమితి మళ్లీ వచ్చింది.

అమెరికాది వేరే ముచ్చట. రూజ్‌వెల్ట్‌ నాలుగుసార్లు గెలిచాక, రెండుసార్లకు మించి ఎన్నిక కాకూడదంటూ 1951లో 22వ సవరణ తెచ్చారు. అప్పుడు పదవిలో ఉన్న ట్రూమన్‌కు మాత్రం అది వర్తించదన్నారు. నిబంధన రేపటివాళ్లకు, ఇవాళ్టి మనిషి కోసం కాదన్నమాట. అయినా ట్రూమన్‌ 1952లో ఎన్నికల బరినుంచి తప్పుకున్నారు.

అందులో మనకు పనికొచ్చే సూత్రం ఒకటుంది. గడువు పెంచాలనుకుంటే పెంచుకోవచ్చు. కానీ ఆ పెంపు ఇప్పుడు కుర్చీలో ఉన్నవాళ్లకు కాక, తర్వాత వచ్చేవాళ్లకు వర్తించాలి. అలా అంటే, ఎన్ని సవరణలకు చేతులు లేస్తాయో చూడాలి!

ఈ లెక్క పార్టీలకే పరిమితం కాదు. అపార్ట్‌మెంటు సంఘం, ఊళ్లో పాల సంఘం, గుడి కమిటీ... అన్నింటికీ ఒక నియమావళి ఉంటుంది. ఈసారి సర్వసభ్య సమావేశానికి వెళ్లేముందు అధ్యక్షుడి గడువు గురించి అందులో ఏం రాశారో చూడండి. ఆ వాక్యాన్ని ఎవరు మార్చవచ్చో కూడా చూడండి. పాత అధ్యక్షుడే ఉండాలని ఎవరైనా లేచి అన్నప్పుడు, ఆయన మంచివాడే అని ఒప్పుకుంటూనే, తర్వాతి వంతు ఎవరిదని అడగొచ్చు.