నగర గగనతలంలో డ్రోన్: వ్యవసాయ విశ్వవిద్యాలయాలు గమనించవలసినవి

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలలో డ్రోన్ నేడు చిత్రీకరణ సామగ్రిలో ఒక సాధారణ వస్తువు. ఒకప్పుడు క్రేన్‌తోనో, అద్దె హెలికాప్టర్‌తోనో తీసిన దృశ్యాన్ని ఇప్పుడు కిలో బరువైనా లేని పరికరంతో పావుగంటలో తీస్తున్నారు. వ్యవసాయ పరిశోధన పత్రికలో సినిమా వారి ప్రస్తావన ఎందుకని పాఠకులకు సందేహం కలగవచ్చు. ఫిల్మ్‌నగర్‌లో కెమెరాను మోసే డ్రోన్‌కూ, సూర్యాపేట వరి మడిపై మందు చల్లే డ్రోన్‌కూ వర్తించే నియమాలు ఒక్కటే. ఆ నియమాలు అత్యంత క్లిష్టంగా పరీక్షకు నిలిచే చోటు నగరం గనుక, వాటిని అక్కడే చదువుకోవడం మేలు.

ఫిల్మ్‌నగర్ ఉన్న స్థానాన్ని ముందుగా చూడాలి. ఈశాన్యాన బేగంపేట విమానాశ్రయం ఉన్నది. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాద్‌కు తరలినా, ప్రముఖుల విమానాలు, సైనిక విమానాలు ఇప్పటికీ అక్కడి నుండి ఎగురుతూనే ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లో అధిక భాగం ఆ విమానాశ్రయానికి గగన మార్గాన ఎనిమిది కిలోమీటర్ల లోపే ఉంటుంది. దక్షిణాన గోల్కొండ, దానిని ఆనుకుని సైనిక భూములు. తెలంగాణ ప్రభుత్వం స్వాతంత్ర్య దినోత్సవాన్ని జరుపుకునేది ఆ కోటలోనే. చుట్టూ ఇన్ని ఆంక్షలున్న చోట తెలుగు చిత్ర పరిశ్రమ తన ఇల్లు కట్టుకున్నది.

2021 ఆగస్టు 25న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన డ్రోన్ నియమాలు దేశ గగనతలాన్ని మూడు రంగులుగా విభజించాయి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగురవేయరాదు. పసుపు మండలంలో గగనతల నియంత్రణాధికారి అనుమతి కావాలి. పచ్చ మండలంలో 400 అడుగుల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అక్కరలేదు. విమానాశ్రయ సరిహద్దుకు 5 నుండి 8 కిలోమీటర్ల మధ్య ప్రాంతంలో నేల మట్టం నుండే పసుపు మండలం మొదలవుతుంది. 8 నుండి 12 కిలోమీటర్ల మధ్య 200 అడుగుల వరకే పచ్చ. కనుక వీధిలో చిత్రీకరణకు అనుమతి తెచ్చుకున్న నిర్మాతకు ఆ వీధిపై ఉన్న ఆకాశం కూడా దక్కినట్లు కాదు. నేల అనుమతి ఒకరిది, నింగి అనుమతి మరొకరిది. దీనికి తోడు రాష్ట్ర ప్రభుత్వం ఏ ప్రాంతాన్నైనా ఒక విడతకు 96 గంటల వరకు తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. ఈ రోజు అనుమతించిన చోటే రేపు నిషిద్ధం కావచ్చునన్నమాట. పటాన్ని ప్రతిసారీ, ఎగురవేసే రోజే చూడాలి.

చిన్న డ్రోన్లకు నియమాలేవీ లేవన్న మాట యువతలో బాగా ప్రచారంలో ఉన్నది. అందులో సగమే నిజం. 250 గ్రాముల లోపు నానో డ్రోన్‌కు పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. కానీ మండలాల నిబంధన దానికీ వర్తిస్తుంది, విశిష్ట గుర్తింపు సంఖ్యా కావాలి. 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్న మైక్రో డ్రోన్‌ను సరదాకు ఎగురవేస్తే సర్టిఫికెట్ అక్కరలేదు, కూలికి ఎగురవేస్తే తప్పనిసరి. పెళ్లి వీడియో తీసి డబ్బు తీసుకున్నా అది కూలి కిందికే వస్తుంది. పది లీటర్ల ట్యాంకుతో పొలానికి వచ్చే పిచికారీ డ్రోన్లు సాధారణంగా 2 నుండి 25 కిలోల ‘స్మాల్’ వర్గంలోనివి. వాటికి ఏ మినహాయింపూ లేదు.

ఇక్కడే విశ్వవిద్యాలయాలకు సంబంధించిన అసలు చిక్కు ఉన్నది. డ్రోన్ నియమాలలోని 42వ నియమం పరిశోధన సంస్థలకు, గుర్తింపు పొందిన విద్యాసంస్థలకు పరిశోధన, పరీక్షల నిమిత్తం గుర్తింపు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్ వంటి వాటి నుండి మినహాయింపునిచ్చింది. ఈ వాక్యాన్ని మాత్రమే చదివి ఆగిపోయేవారు అనేకులు. దాని తరువాతి షరతు ప్రకారం ఆ ప్రయోగం పచ్చ మండలంలోనే, సంస్థ ప్రాంగణంలోనో సంస్థ అధీనంలోని బహిరంగ స్థలంలోనో జరగాలి. రైతు పొలంలో జరిపే క్షేత్ర ప్రదర్శన విస్తరణ కార్యక్రమమే. దానికి పరిశోధన అన్న పేరు పెట్టి మినహాయింపు కోరడం సమంజసం కాదు. ప్రాంగణంలోనైనా నిశ్చింతగా ఉండటానికి లేదు. రాజేంద్రనగర్ విశ్వవిద్యాలయ క్షేత్రాలు బేగంపేటకు, శంషాబాద్‌కు మధ్య ఉన్నాయి. పటం తెరిచి చూడకుండా ‘ఇది మన పొలమే కదా’ అనుకోవడం శాస్త్రవేత్తకు తగదు.

2022 నుండి కృషి విజ్ఞాన కేంద్రాలకు, వ్యవసాయ విశ్వవిద్యాలయాలకు ప్రదర్శనల కోసం డ్రోన్ ఖరీదును 10 లక్షల రూపాయల వరకు పూర్తిగా కేంద్రమే భరిస్తున్నది. 2023లో ఆమోదం పొందిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా స్వయం సహాయక సంఘాలకు డ్రోన్లు అందించాలని సంకల్పించింది. పరికరాలు వచ్చినంత వేగంగా చట్ట పరిజ్ఞానం రాలేదు. శిక్షణలో నాజిల్, తుంపర పరిమాణం, గాలి వేగం గురించి శ్రద్ధగా చెప్పే బోధకులు గగనతల పటాన్ని తరచు ఒక్క స్లైడుతో దాటవేస్తారు. ఫలితాన్ని అనుభవించేది విద్యార్థే. పిచికారీ పని ఏడాదిలో కొన్ని వారాలే. మిగిలిన కాలంలో సర్టిఫికెట్ చేతబట్టుకుని నగరానికి వచ్చి చిత్రీకరణలలోనో, స్థిరాస్తి ప్రకటనలలోనో పని వెతుక్కునే యువకుడు పల్లెలో ఎన్నడూ ఎదురుకాని పసుపు మండలంలో అడుగుపెడతాడు. తప్పు జరిగితే 2021 నియమాల ప్రకారం జరిమానా లక్ష రూపాయల వరకు ఉండవచ్చు. అతని సర్టిఫికెట్, దానితో పాటు జీవనోపాధి కూడా ప్రమాదంలో పడతాయి.

గోప్యత విషయం మరింత సున్నితమైనది. నటుల ఇళ్ల మేడలపై డ్రోన్ ఎగిరితే కావలివారు చూస్తారు, న్యాయవాదులు కదులుతారు. వరి నాట్లు వేస్తున్న స్త్రీలపై, బోరు బావి దగ్గర స్నానం చేస్తున్న వారిపై సర్వే డ్రోన్ ఎగిరితే అడిగేవారెవరు? గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇద్దరికీ సమానమే. స్త్రీల ఏకాంతాన్ని దొంగచాటుగా చిత్రించడాన్ని భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ నేరంగా పరిగణిస్తుంది. పైరు ఆరోగ్యం తెలుసుకోవడానికి తీసిన చిత్రాలలో మనుషులూ పడతారన్న ఎరుక పరిశోధన ప్రతిపాదనలలో కనిపించడం అరుదు. ఆ చిత్రాలను ఎవరు భద్రపరుస్తారో, ఎప్పుడు తొలగిస్తారో అందులో రాయవలసిన అవసరం ఉన్నది.

చట్టంలోనూ లోపాలు లేకపోలేదు. చీడ ఉధృతి అనుమతి పత్రం కోసం ఆగదు. విమానాశ్రయాల చుట్టుపక్కల పసుపు మండలంలో ఉన్న కూరగాయ రైతుకు మూడు మీటర్ల ఎత్తు దాటని పిచికారీకి కూడా, వందల అడుగుల ఎత్తున తీసే సినిమా దృశ్యానికి ఉన్న అనుమతి విధానమే ఉండటం సహేతుకంగా లేదు. పైరుపై కొద్ది మీటర్ల ఎత్తుకే పరిమితమైన పిచికారీకి ప్రత్యేక త్వరిత అనుమతి కోరవలసినది వ్యవసాయ విశ్వవిద్యాలయాలే. అయితే ఉన్న నియమాన్ని పాటించిన రికార్డు చేతిలో ఉన్నప్పుడే ఆ కోరికకు బలం వస్తుంది. ప్రతి క్షేత్ర ప్రదర్శన దస్త్రంలో మందు పేరు, మోతాదుల పక్కనే ఆనాటి మండలం రంగు, డ్రోన్ గుర్తింపు సంఖ్య, పైలట్ సర్టిఫికెట్ సంఖ్య, బీమా వివరం, గ్రామ పంచాయతీకి తెలియజేసిన తేదీ నమోదు చేయడం రాబోయే వానకాలం నుండే ప్రారంభించవచ్చు. అందుకు కొత్త నిధులు అవసరం లేదు, ఉన్న నమూనా పత్రంలో ఐదు గడులు చేర్చితే చాలు.